తాళ్ళ తాయారు

మంగళవారం

గాలి తూర్పు నుంచి. లంగరు తాళ్ళు గట్టిగా ఉన్నాయి. మా ఇల్లున్న తెప్ప అడుగున గుల్లలు పట్టాయి. పొద్దున సగం గోకాను. మిగతా సగం రేపు.

ఇవాళ ఒడ్డున ఉన్న కొండపట్నం నుంచి ఒక మనిషి వచ్చి మా ఇంట్లో చెవి బిగించి వెళ్ళాడు. నేను ప్రార్థన చేసుకునే మూలకు ఎదురు గోడ మీద, చిన్న గిన్నె బోర్లించినట్టు ఉంది. టీవీ నడుస్తున్నప్పుడు ఇంట్లో ఎంత నవ్వారో అది వింటుంది. మాటలు వినదట. నవ్వే వింటుందట.

మంచినీళ్ళు తెచ్చే పడవ మస్తాన్ నాకు విడమరిచి చెప్పాడు.

"డాక్టరమ్మ ఊరికే రాదక్కా. తెర మీద నీ చెల్లెలు తబితమ్మతో మాట్లాడుద్ది. ఆ మాటల్లో పనికొచ్చేది తీసుకుని, పేరు మార్చి, మొగం మార్చి, 'మాటల డాక్టరు' అని కొత్త నాటకం వస్తందే, దాంట్లో టీవీవోళ్ళు కథ చేసుకుంటారు. బుధవారం చెప్పింది గురువారానికి బొమ్మైపోద్ది. మిషన్లు గదా. జనం ఎంత నవ్వితే, తర్వాత వారం తబితమ్మకి డాక్టరమ్మతో అన్ని గంటలు."

"నవ్వకపోతే?"

"గంటలు ఇంకోళ్ళకి పోతయ్."

"ఏడిస్తే?"

"ఏడుపుకి లెక్క లేదక్కా."

ఇంటికి పెద్దదాన్ని కనక తబిత తరఫున నేనే సంతకం పెట్టాను. ముందు ప్రార్థన చేసుకున్నాను. వేరే దారి కనపడలేదు. తెప్పలూరులో డాక్టరు లేడు.

తబిత నా ఆఖరి చెల్లెలు. నలుగురిలో మిగిలింది మేమిద్దరం. పోయిన ఏటి తుఫానులో దాని కూతురు లిద్య దాటుబల్ల మీద నుంచి జారి రెండు తెప్పల మధ్య నీళ్ళలో పడింది. ఎనిమిదేళ్ళ పిల్ల. దొరకలేదు. అప్పటి నుంచి తబిత బల్ల దాటదు. నడుముకు తాడు కట్టుకుని కొస నడిమి స్తంభానికి కడుతుంది. గరిటెకు కడుతుంది, దువ్వెనకు కడుతుంది, కోడి కాలికి కడుతుంది. పడుకునేటప్పుడు దాని మణికట్టుకూ నా మణికట్టుకూ కలిపి కడుతుంది.

కట్టేది మా ఇంటి ముడి. ఇక్కడ ఏ ఇంటి ముడి ఆ ఇంటిదే. బయటివాళ్ళు కోయగలరు గాని విప్పలేరు. అమ్మ నాకు నేర్పింది, నేను తబితకు నేర్పాను.

అమ్మ రోజూ గాలి సంగతి, తాళ్ళ సంగతి ఇలాగే రాసేది. నేనూ రాస్తున్నాను.

శుక్రవారం

గాలి లేదు. తాళ్ళు వేలాడుతున్నాయి.

నిన్న సాయంత్రం 'మాటల డాక్టరు' మొదటి భాగం వచ్చింది. పక్క తెప్ప కోటేశ్వరి, ఆమె భర్త పిచ్చయ్య మా ఇంట్లోనే చూశారు. వాళ్ళ టీవీకి ఉప్పుగాలి కొట్టి బాగుకు పోయింది.

నాటకంలో డాక్టరు పేరు పరంధామం. ఊరందరికీ ధైర్యం నూరిపోస్తాడు. ఇంట్లో వంటమనిషితో "కూరలో ఉప్పెక్కువైంది" అనడానికి మాత్రం అద్దం ముందు నిలబడి సాధన చేస్తాడు. చివరికి ఆ కూరే మళ్ళీ వడ్డించుకుని తింటాడు.

"మా ఆయన్ని చూసి తీశారక్కా," అంది కోటేశ్వరి.

"నాకు అద్దం ముందు గూడా అంత ధైర్యం లేదులే," అన్నాడు పిచ్చయ్య.

ఇద్దరూ నవ్వారు. చెవి మీద చిన్న దీపం వెలిగింది. దాన్ని చూసి మళ్ళీ నవ్వారు.

తబిత కోడి కాలికి తాడు మారుస్తూ కూర్చుంది. టీవీ వైపు చూడలేదు.

శనివారం

గాలి తూర్పు. వంటింటి వైపు తాడు బిగించాను.

మేం బిందెలతో వరసలో నీళ్ళు పడుతున్నంతసేపూ మస్తాన్ తన పడవ మైకులో కొండపట్నం ప్రేక్షకుల అభిప్రాయాలు వినిపిస్తాడు. అదీ అతని ఉద్యోగమే.

"డాక్టరు పర్లేదు. పేషెంట్లే మరీ మనలాగా ఉన్నారు."

"సగంలో నిద్రపోయాను. మంచి నిద్ర. చాలా థాంక్స్."

"ఆ ఏడుపు సీను తీసెయ్యండి. రోజంతా చాకిరీ చేసి వచ్చేది ఏడవడానికా?"

వరసంతా నవ్వింది. నేను బిందెలు నింపుకున్నాను. ఈ వారం తబితకు ఒక్క గంట వచ్చింది.

శుక్రవారం

గాలి ఈశాన్యం. తాళ్ళు బాగున్నాయి.

నిన్నటి భాగంలో కొత్త పేషెంటు వచ్చింది. పేరు తాయారు. లావుగా, కీచు గొంతుతో, మొగమంత బొట్టుతో ఉంది. డాక్టరు గదిలోకి రాగానే కుర్చీని బల్లకు కట్టింది. బల్లను తలుపుకు కట్టింది. డాక్టరు కళ్ళజోడుకు తాడు కట్టి, కొస తన జడకు ముడేసింది. డాక్టరు తుమ్మాడు. తాయారు జడతో సహా వచ్చి అతని ఒళ్ళో పడింది.

పిచ్చయ్య పొట్ట పట్టుకున్నాడు. అతని నవ్వు వెనక ఇంకో నవ్వు వినపడింది. అది ఎవరిదో గుర్తుపట్టడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

"అదేందక్కా, ఆ మడిసి!" అంటోంది తబిత, కళ్ళు తుడుచుకుంటూ. "కనపడినదానికల్లా కడతదేంది!"

దాని చేతిలో నీళ్ళ గ్లాసు ఉంది. గ్లాసుకు కట్టిన తాడు మోకాలి మీద ఊగుతోంది.

కోటేశ్వరి నా వైపు చూసింది. పిచ్చయ్య పైకప్పు వైపు చూశాడు. చెవి దీపం ఆరకుండా వెలిగింది.

తుఫాను తరవాత తబిత నవ్వడం ఇదే మొదలు. నేను మూలకెళ్ళి మోకరించాను. అది నవ్వినందుకు స్తోత్రం చెప్పాను. దేన్ని చూసి నవ్విందో ప్రభువుకు చెప్పలేదు. ఆయనకు తెలుసు.

శనివారం

గాలి అదే.

మస్తాన్ మైకు:

"ఆ తాళ్ళ తాయారు ఎవరండీ బాబూ! అన్నం ముందు పెట్టుకుని తినడం మర్చిపోయాం."

"తాళ్ళ తాయారు చూశాక మా ఆవిడ నన్ను సోఫాకు కట్టేసింది. విప్పేవాళ్ళు లేరు. దయచేసి రండి."

"ఇలాంటివాళ్ళు నిజంగా ఉంటారా? ఉంటే చూడ్డానికి టికెట్టెంత?"

పేరు వాళ్ళే పెట్టారు. వరసలో పిల్లలు అప్పుడే ఒకరినొకరు బిందె తాళ్ళతో కట్టుకుని "నేను తాయారు, నేను తాయారు" అని పోట్లాడుకుంటున్నారు.

కోటేశ్వరి నా చెవిలో అడిగింది. "మన తబితే గదక్కా?"

నేను బిందె మూతి కడిగాను.

"నువ్వు చెప్పబాక. మాకు తెల్సింది చాలు," అంది. "గంటలు కావాలంటే నవ్వాలంట గదా. మన తెప్పల వరసంతా గట్టిగా నవ్వుతాం. దాని కోసరం."

అన్నట్టే సాయంత్రం బల్లలన్నీ దాటుకుంటూ ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చింది. మంచి మనిషి.

గురువారం

గాలి తూర్పు. గుల్లలు గోకడం అయింది.

తబితకు ఇప్పుడు రోజూ గంట ఉంది. డాక్టరమ్మ తెర మీదకు వచ్చే వేళకు నేను పరదా వేసి తెప్ప అంచున కూర్చుంటాను. మాటలు వినపడవు.

సోమవారం గరిటె తాడు విప్పింది. నిన్న దువ్వెన తాడు. ఇవాళ కోడిని వదిలింది. కోడికి అలవాటు తప్పి అక్కడే నిలబడింది. పొమ్మని దానికి నేను చెప్పాల్సి వచ్చింది.

సాయంత్రం నాటకంలో తాయారు డాక్టరు పెంపుడు చిలకను కట్టబోయి డాక్టరు అత్తగారిని కట్టింది. మా వరసలో ఇంటింటి నుంచీ ఒకేసారి నవ్వు లేచింది. నీళ్ళ మీద నవ్వు బాగా సాగుతుంది.

నాకు నవ్వడం రాదు. నేర్చుకున్నాను. కడుపు లోపలికి పీల్చి, ఆగి, వదలాలి. మూడోసారికి చెవి దీపం వెలిగింది.

"నువ్వు గూడా నవ్వుతన్నావే!" అని తబిత నా భుజం మీద తలపెట్టి నవ్వింది.

శనివారం

గాలి పడమరకు తిరిగింది. ఒక లంగరు తాడు పీచులేస్తోంది. మార్చాలి.

తబిత నడుము తాడు విప్పింది. రెండు వారాలుగా నేను ప్రార్థనలో అడుగుతున్నది అదే. ఇంట్లో మూలమూలకూ నడిచి చూసుకుంది. మిగిలింది మణికట్టు తాడు ఒక్కటే, మా ఇద్దరిదీ.

కానీ తబిత తక్కువ కట్టిన వారం తాయారు కూడా తక్కువ కట్టింది. మైకులో వినపడ్డవి:

"తాయారు చప్పబడింది."

"ఈ వారం ఒక్క గొడుగే కట్టింది. మేం ఇందుకా కూర్చున్నది?"

"అసలామె ఎందుకు కడుతుందో చూపించండి. ఏదో పెద్ద ఫ్లాష్‌బ్యాక్ ఉండే ఉంటుంది. కామెడీగా తియ్యండి."

ఆ ఆఖరిదానికి చాలామంది ఓటేశారని మస్తాన్ చెప్పాడు. చెబుతూ నా బిందె పొంగిపోయేదాకా చూసుకోలేదు.

శుక్రవారం

గాలి చూడలేదు.

ఫ్లాష్‌బ్యాక్ నిన్న వచ్చింది.

తాయారుకు ఒక కోడి ఉండేదట. దానికి ఎర్ర చెప్పులు తొడిగి తిప్పేదట. తుఫాను రోజు ఇద్దరూ దాటుబల్ల మీద వెళుతుంటే కోడి చెప్పు ఒకటి నీళ్ళలో పడింది. కోడి దానికోసం వంగింది. తాయారు గొంతు చించుకుని అరిచింది. "చెప్పు పోతే పోయింది, చెయ్యి పట్టుకోవే!"

కోడి తన రెండు రెక్కలూ చూసుకుంది. తాయారు వైపు చూసింది. బుడుంగుమని మునిగింది.

"కోడికి చెయ్యేందే తాయారూ!" అని పిచ్చయ్య నేల మీద దొర్లాడు. పక్క తెప్పలు, అవతలి తెప్పలు, చిట్టచివరి తెప్పలు, అన్నిటి నుంచీ నవ్వు వచ్చింది. నేనూ నవ్వాను. ఆ వేళకు నవ్వు లోపల సిద్ధంగా ఉంది, ముందు అదే వచ్చేసింది. తరవాత మాట చెవికెక్కింది.

లిద్య ఎర్ర చెప్పులు నేను కొనిచ్చినవి.

తబిత నవ్వలేదు. టీవీ ఆగేదాకా కదలలేదు. కోటేశ్వరి మొగుణ్ణి రెక్క పట్టుకుని లేపి తీసుకుపోయింది.

తబిత మా కోడిని ఒళ్ళోకి తీసుకుంది.

"ఆ మాట నేను డాక్టరమ్మకి తప్ప ఎవురికీ చెప్పలా అక్కా."

కోడి రెక్క సర్ది నా వైపు తిరిగింది.

"తాయారంటే నేనా?"

"నువ్వే."

"నీకు తెల్సా?"

"తెలుసు."

"ఇందాక నవ్వావు."

"నవ్వాను."

"ఎందుకు?"

"గంటల కోసం."

తబిత కోడి వీపు నిమిరింది. చాలాసేపు నిమిరింది.

"దీనికి చానా వస్తయ్యా గంటలు?"

"చాలా వస్తాయి."

"సరే అయితే," అంది. కోడిని కిందికి దించింది.

బుధవారం

గాలి తూర్పు. పీచులేచిన తాడు మార్చాను.

గంటలు చాలా వచ్చాయి. తబిత ఒక్కటి కూడా వదలలేదు. పరదా వెనక ఇప్పుడు దాని గొంతు వినపడుతోంది. గట్టిగా మాట్లాడుతోంది. ఒకసారి డాక్టరమ్మను తిట్టింది. తరవాత ఇద్దరూ నెమ్మదించారు.

నిన్న దాటుబల్ల మీద ఒక కాలు పెట్టింది. ఇవాళ రెండు కాళ్ళూ పెట్టి నిలబడి, వెనక్కి వచ్చింది. చెమటతో రవిక తడిసిపోయింది.

గంట అయ్యాక డాక్టరమ్మ నన్ను తెర ముందుకు పిలిచింది. చిన్నపిల్ల. కళ్ళ కింద నలుపు.

"ఇంకొంచెమేనండీ. బల్ల దాటిందంటే ఇక నాతో పని లేదు. ఇప్పుడు మధ్యలో ఆపితే మాత్రం మునుపటికంటే గట్టిగా కట్టుకుంటుంది. తరవాత విప్పడం ఎవరి తరమూ కాదు."

"ఆ కోడి భాగం చూశారా అమ్మా?" అని అడిగాను.

"నేను ఆ నాటకం చూడనండీ," అంది. "చూస్తే ఈ పని చేయలేను."

శనివారం

గాలి లేదు.

మొన్నటి భాగంలో తాయారు కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుని డాక్టరుతో నెమ్మదిగా మాట్లాడింది. మా వరసవాళ్ళు మాట ప్రకారం నవ్వారు. దేనికి నవ్వాలో తెలియక ఎక్కడ పడితే అక్కడ నవ్వారు. కొండపట్నం నవ్వలేదు.

"తాయారుకు నయమైతే మాకేంటి లాభం?"

"పాత తాయారును తెచ్చేదాకా మా ఇంట్లో టీవీ బంద్."

"ఆమె బాగుపడ్డం చూడ్డానికి మేమేమన్నా చుట్టాలమా? మళ్ళీ పాడుచెయ్యండి."

"ఆపయ్యా మస్తానూ," అంది కోటేశ్వరి.

"ఆపడానికి లేదొదినా. ఉద్యోగం."

బుధవారం ఒక్క గంట మిగిలింది. ఆ పై వారానికి సున్న.

బిందెలు మోసుకుంటూ వస్తున్నప్పుడు కోటేశ్వరి నెమ్మదిగా అంది. "ఒక్కపూట అక్కా. ఒక్కపూట తబిత పాత తాయారైతే చాలు. బుధవారం చెప్పుకోడానికి ఏదన్నా ఉండాల. లేకపోతే అంతా గంగలో కలిసిపోద్ది."

నేను బిందె ఇంకో చంకకు మార్చుకుని నడిచాను.

ఆదివారం

ఉపవాసం ఉన్నాను. తబిత అడిగితే ఒంట్లో బాలేదన్నాను. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. గంజి కాచి ఇచ్చింది. తాగాను. ఉపవాసం పోయింది.

మంగళవారం

గాలి నిలకడగా ఉంది. తాళ్ళన్నీ చూశాను.

మధ్యాహ్నం తిన్నాక తబిత పడుకుంది. తన మణికట్టూ నా మణికట్టూ కలిపి కట్టుకుంది. "రేపు డాక్టరమ్మ చూస్తా ఉండంగా బల్ల దాటతా," అంది. నిద్రపోయింది.

ప్రార్థన చేసుకున్నాను. జవాబు రాలేదు. రాకపోవడాన్ని సరే అనుకున్నాను. ముడి విప్పాను.

తాడు కొసను తెప్ప అంచు మీద నుంచి నీళ్ళలోకి జారవిడిచి, బల్ల దాటి కోటేశ్వరి వాళ్ళ నీళ్ళ పీపాల వెనక నిలబడ్డాను. కోటేశ్వరి నా పక్కకు వచ్చింది.

తబిత లేచింది. ముందు మామూలుగానే పిలిచింది. "అక్కా." తాడు లాగి చూసుకుంది. తడి కొస చేతికి వచ్చింది.

అది అంచు మీద బోర్లా పడుకుని నీళ్ళలోకి చేతులు పెట్టింది. భుజాల దాకా పెట్టింది. "చెయ్యి పట్టుకో అక్కా! చెయ్యి పట్టుకో!" అని నీళ్ళను అడిగింది.

తరవాత లేచి కట్టడం మొదలుపెట్టింది. గరిటె, గిన్నె, దువ్వెన, మంచం కోడు, తలుపు. పిచ్చయ్యకు ఇదేమీ తెలియదు. కేక విని పరుగెత్తుకుంటూ బల్ల దాటాడు. "ఏమైందమ్మా తబితా" అనేలోగా అతన్ని నడిమి స్తంభానికి కట్టింది. కోడిని పట్టుకుని అతని మెడకు కట్టింది. కోడి అతని నెత్తికెక్కి కూర్చుంది. "ఇప్పమ్మా, తల్లీ, దీనికి ముక్కుంది, నాకు కళ్ళున్నయ్," అని అతను బతిమాలుతున్నాడు.

కోటేశ్వరి కొంగు నోట్లో కుక్కుకుని వణుకుతోంది. ఏడుస్తోందనుకుని భుజం మీద చెయ్యి వేశాను.

"తప్పక్కా, తప్పే," అంది, ఊపిరాడక. "కానీ ఆయన మొగం సూడు."

అప్పుడే వెళదామనుకున్నాను. ఇంకొంచెం ఆగాను. కథకు చాలినంత కావాలి.

వెళ్ళేసరికి తబిత తన నడుముకు తాడు బిగిస్తోంది. నన్ను చూసింది. అరవలేదు. దగ్గరకొచ్చి నా జుట్టు తడిమింది, చీర తడిమింది.

"తడవలేదే," అంది.

"కోటేశ్వరి పిలిస్తే వెళ్ళాను."

నన్ను కట్టేస్తుందనుకున్నాను. కట్టలేదు. కింద పడి ఉన్న మణికట్టు తాడు తీసుకుని కొస చూసింది. పీచులేవలేదు. కోసిన గుర్తు లేదు. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది.

నేను అన్నం పెట్టాను. తిన్నది. పడుకునేముందు నా మణికట్టు అడగలేదు.

బుధవారం

గాలి పడమర.

ఆఖరి గంట. తబిత పరదా తనే వేసుకుంది. నేను తెప్ప అంచున కూర్చున్నాను. మొదట ఏడుపు వినపడింది. తరవాత చాలాసేపు మాటలు. తరవాత నవ్వు. డాక్టరమ్మది కాదు.

బయటికొచ్చి నడుము తాడు విప్పి, చుట్టచుట్టి, మేకుకు తగిలించింది.

గురువారం

గాలి పడమర. తాళ్ళు చూశాను.

పక్క తెప్ప టీవీ బాగై వచ్చింది. సాయంత్రం నాటకం వేళకు తబిత తల దువ్వుకుంది, చీర మార్చుకుంది. తలుపు దాటింది. దాటుబల్ల ముందు ఆగింది. కాలు పెట్టింది, రెండో కాలు పెట్టింది, నడిచి అవతలికి వెళ్ళింది. నడిమధ్యలో కూడా ఆగలేదు. వెనక్కి చూడలేదు.

దాటింది. స్తోత్రం.

ఒక్కదాన్నే టీవీ ముందు కూర్చున్నాను.

ఈ భాగంలో తాయారుకు ఒక అక్క ఉంది. పెద్దక్క. సన్నగా, తెల్లచీరలో, పుల్లలా ఉంది. కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ ఉంటుంది. పైన ప్రార్థన జరుగుతుంటుంది, కింద వేళ్ళు తాయారు తాడు విప్పుతుంటాయి. ఒక ముడి ఊడుతుంది. పెద్దక్క ఆకాశం వైపు చూసి "నీ చిత్తం" అంటుంది. పడవ తాడు విప్పుతుంది. పడవ పోతుంది. "నీ చిత్తం." గేదె పలుపు విప్పుతుంది. "నీ చిత్తం." డాక్టరు పైజమా బొందు దగ్గరకు వస్తుంది. డాక్టరు రెండు చేతులతో పట్టుకుని, "అమ్మా, నా చిత్తం కూడా కొంచెం అడగండి," అంటాడు.

తరవాత పెద్దక్క పీపా వెనక దాక్కుని, చెల్లెలు నీళ్ళలో చేతులు పెట్టి ఏడవడం తొంగిచూస్తుంది. వెళదామని ఒక అడుగు వేస్తుంది. "ఇంకొంచెం," అనుకుని మళ్ళీ వంగుతుంది. అడుగు, వంగడం. అడుగు, వంగడం. అలా చాలాసార్లు.

"ఇంకొంచెం" నేను పైకి అనలేదు. తబిత వినలేదు. అయినా దానికి తెలిసింది.

వరసంతా నవ్వింది. ఇంత నవ్వు ఎప్పుడూ వినలేదు. తెప్పలు కదిలాయి. ఆ నవ్వుల్లో ఒకటి తబితది. చిన్నప్పటి నవ్వు. అమ్మ ఉన్నప్పుడు, నేను జారి రొయ్యల బుట్టలో కూర్చున్నప్పుడు నవ్విన నవ్వు.

మా ఇంట్లో చెవి దీపం ఆరి ఉంది. తబిత అటు వెళ్ళింది గాని ఇటు తిరిగి రావాలి. ఇంకా గంటలు కావాలేమో. కడుపు లోపలికి పీల్చాను. ఆగాను. వదిలాను. దీపం వెలిగింది.

అటువైపు ఒక్క నవ్వు ఆగింది. మిగతావి సాగాయి.

భాగం అయిపోయేదాకా నేను ఆపలేదు.

శనివారం

తబిత రెండు రోజులుగా కోటేశ్వరి వాళ్ళింట్లోనే ఉంది. లంగరు తాళ్ళు గట్టిగానే ఉన్నాయి.

నీళ్ళ పడవ దగ్గర వరస కట్టాం. మైకు మొదలైంది.

"ఇన్నాళ్ళూ ఈ పెద్దక్కను ఎక్కడ దాచారు స్వామీ?"

"ఇంట్లో ఏది విప్పినా 'నీ చిత్తం' అంటున్నాం. నిన్న మా నాన్నగారి పంచె పోయింది."

"తాయారు చాలు. ఇక పెద్దక్కే కావాలి. ఆమెను ఒంటరిగా వదలండి, ఏం చేస్తుందో చూద్దాం."

ఎవరూ నా వైపు తిరగలేదు. వెనక నుంచి భుజాలు కదలడం మాత్రం కనపడుతోంది.

మస్తాన్ గంటల చీటీ తీశాడు. చదువుకుని తల గోక్కున్నాడు.

"ఈ వారం గంటలు చానా ఉన్నయ్ అక్కా. కానీ తబితమ్మ పేరున గాదు. నీ పేరున వచ్చినయ్."

"నాకెందుకు? తబితకు రాయి."

"తబితమ్మకి ఇంక అక్కర్లేదంట. డాక్టరమ్మ రాసింది."

నా వెనక మూడు బిందెల అవతల తబిత నిలబడి ఉంది. మా తెప్ప నుంచి ఇక్కడికి ఆరు బల్లలు. అన్నీ దాటి వచ్చింది. చంకలో తన బిందె. దేనికీ తాడు లేదు. మొగం తేటగా ఉంది, ఏడాదిగా నేను ప్రార్థనలో అడిగినట్టే ఉంది.

"తీసుకోక్కా," అంది. "పోయి చెప్పుకో. నేను గట్టిగా నవ్వుతాలే."

మస్తాన్ చీటీ చాపాడు. తీసుకున్నాను.